ఒకే చోట నాలుగు దీపస్తంభాలు

ఓడకు నడి సముద్రంలో కన్న ఒడ్డు దగ్గరే భయం ఎక్కువ. ఈ మాట మీకు వింతగా తోచవచ్చు. నడి సముద్రంలో నీళ్ళు లోతుగా ఉంటాయి. తుఫాను వచ్చినా ఓడ ఊగుతుంది, తూలుతుంది, చాలాసార్లు బయట పడుతుంది. ఒడ్డు దగ్గర అలా కాదు. నీళ్ళకింద దాగి ఉన్న ఒక్క రాయి చాలు, ఓడ అడుగు చీలిపోవడానికి. పగలైతే నురుగు చూసి తప్పుకోవచ్చు. రాత్రి ఏం చెయ్యాలి? ఆ రాయి మీద దీపం పెట్టాలి. అంతకన్న మార్గం లేదు.

ఈ మాట చెప్పడం తేలిక. చెయ్యడం ఎంత కష్టమో తెలియాలంటే ఎడిస్టన్ కథ తెలుసుకోవాలి. ఆ రాళ్ళ మీద మనుషులు ఒకటి కాదు, నాలుగు దీపస్తంభాలు కట్టారు. మొదటిదాన్ని తుఫాను మింగింది. రెండోదాన్ని నిప్పు కాల్చేసింది. మూడోది చెక్కుచెదరలేదు గాని, దానికింది రాయే బలహీనపడింది. నాలుగోది ఈనాటికీ వెలుగుతున్నది.

ఎక్కడున్నాయి ఈ రాళ్ళు?

ఇంగ్లండు దేశానికి నైరుతి మూల ప్లిమత్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడి నుంచి దక్షిణంగా, కొంచెం పడమటికి, సుమారు 22 కిలోమీటర్ల దూరంలో సముద్రం మధ్య ఎడిస్టన్ రాళ్ళు ఉన్నాయి. సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు వాటి వీపులు పైకి కనిపిస్తాయి. పోటు వచ్చిందంటే దాదాపు అన్నీ మునిగిపోతాయి. ప్లిమత్ రేవుకు వచ్చే ఓడలన్నీ ఆ పక్కగా రావలసిందే. ఎన్ని ఓడలు అక్కడ పగిలాయో లెక్క లేదు.

ప్లిమత్ వెళ్ళినవాళ్ళు సముద్రం ఒడ్డున ఎత్తుగా ఉన్న 'హో' అనే పచ్చిక మైదానం తప్పక చూస్తారు. అక్కడ ఎర్ర పట్టీలు, తెల్ల పట్టీలు వేసిన గుండ్రని గోపురం ఒకటి ఉంది. ఎత్తు 22 మీటర్లు. పేరు స్మీటన్ గోపురం. లోపల 93 మెట్లు. పైకి పోయేకొద్దీ గదులు ఇరుకవుతాయి. కాపలావాళ్ళ మంచాలు కూడా గోడ వంపుకు తగ్గట్టు వంగి ఉంటాయి. అన్నిటికన్న పైన గాజు గది, అందులో కొవ్వొత్తుల దీపం పెట్టే చక్రాలు. ఆ గది చుట్టూ ఉన్న వసారాలో నిలబడి దక్షిణంగా చూస్తే, ఆకాశం తేటగా ఉన్న రోజున, నీలి గీత మీద సన్నని పుల్ల నిలబెట్టినట్టు ఒక స్తంభం కనిపిస్తుంది. అదే ఇప్పుడు పనిచేస్తున్న ఎడిస్టన్ దీపం. మీరు నిలబడ్డ గోపురం కూడా ఒకప్పుడు అక్కడే, ఆ కెరటాల మధ్యే ఉండేది. అది ఇక్కడికి ఎలా వచ్చింది? కథ మొదటి నుంచి చెప్పుకోవాలి.

మొదటిది: తుఫాను మింగింది

1696లో హెన్రీ విన్‌స్టన్లీ అనే ఆయన ఈ పనికి పూనుకున్నాడు. ఆయన చిత్రాలు చెక్కే కళాకారుడు. తమాషా యంత్రాలు చెయ్యడంలో దిట్ట. ఓడల మీద డబ్బు పెట్టాడు. అందులో రెండు ఓడలు ఎడిస్టన్ దగ్గరే పగిలిపోయాయి. ఆ రాళ్ళ మీద దీపం ఎందుకు పెట్టకూడదు అని ఆయన అడిగాడు. అసాధ్యం అన్నారు అందరూ. అయితే నేనే కడతాను అన్నాడు.

రాతిలో పన్నెండు గుంటలు తవ్వి ఇనుప కడ్డీలు బిగించడానికే మొదటి వేసవి అయిపోయింది. ఎందుకంటే ఆ రాయి మీద పని జరిగేది వేసవిలో మాత్రమే. అదీ సముద్రం ఆటు మీద ఉన్న కొద్ది గంటలే. పడవ చేరడానికి, తిరిగి రావడానికి పట్టే కాలం తీసేస్తే మిగిలేది ఎంత?

అప్పుడు ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ యుద్ధం జరుగుతున్నది. 1697లో ఫ్రెంచి ఓడ ఒకటి వచ్చి విన్‌స్టన్లీని పట్టుకుపోయింది. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఈ సంగతి విని, తన యుద్ధం ఇంగ్లండుతోనే గాని మానవజాతితో కాదని చెప్పి ఆయన్ని విడిపించాడని అంటారు. దీపం ఒక్క దేశానిది కాదు. అది ఏ జెండా కట్టిన ఓడకైనా ఒకటే దారి చూపిస్తుంది.

1698 నవంబరు 14న ఎడిస్టన్ మీద మొదటిసారి దీపం వెలిగింది. నడి కెరటాల్లో, నాలుగు వైపులా సముద్రం తప్ప మరేమీ లేని రాయి మీద అటువంటి దీపం పెట్టడం గొప్ప సాహసం. అయితే విన్‌స్టన్లీ కట్టినది కోణాల గోపురం. బాల్కనీలు, అలంకారాలు, జెండా కర్రలు చాలా ఉండేవి. గాలికి, కెరటానికి అడ్డు తగిలే భాగాలు ఎన్ని ఉంటే అంత దెబ్బ తగులుతుంది కదా! జనం అనుమానపడ్డారు. విన్‌స్టన్లీ మాత్రం ఎంత పెద్ద తుఫాను వచ్చినా ఆ రాత్రి తన గోపురంలోనే ఉండాలని తన కోరిక అనేవాడు.

ఆ కోరిక తీరింది. 1703 నవంబరులో మరమ్మతు పని మీద ఆయన అక్కడికి వెళ్ళాడు. 26వ తేదీ రాత్రి ఇంగ్లండు చరిత్రలోనే అతి భయంకరమైన తుఫానుల్లో ఒకటి విరుచుకుపడింది. తెల్లవారి చూస్తే రాయి మీద కొన్ని ఇనుప ముక్కలు తప్ప ఏమీ లేదు. గోపురం లేదు. విన్‌స్టన్లీ లేడు. ఆయనతో ఉన్నవాళ్ళూ లేరు. ఆ తరువాత కొద్ది రోజులకే వించెల్సీ అనే ఓడ, దీపం లేని ఆ చీకట్లో, ఆ రాళ్ళకే కొట్టుకుని పగిలిపోయింది.

రెండోది: నిప్పుకు బలి

రెండో గోపురం కట్టినవాడు జాన్ రడ్యర్డ్. ఈయన లండన్లో పట్టు బట్టల వ్యాపారి! అయినా ఆలోచన బాగుంది. కోణాలు, అలంకారాలు తీసేశాడు. ఓడలు కట్టే వడ్రంగుల చేత నున్నగా, గుండ్రంగా, పైకి సన్నబడే చెక్క గోపురం కట్టించాడు. ఓడ తేలికగా బోల్తా పడకుండా అడుగున బరువు వేస్తారు. అదే విధంగా గోపురం అడుగున రాళ్ళు నింపాడు. 1708లో దీపం వెలిగింది. 47 ఏళ్ళు ఏ తుఫానూ దాన్ని కదిలించలేకపోయింది.

కాని చెక్కకు నీటి భయం లేకపోతే నిప్పు భయం ఉంది. 1755 డిసెంబరు 2 రాత్రి దీపం గదిలోనే మంటలు పుట్టాయి. చుట్టూ మహాసముద్రం ఉంది, మంట ఆర్పడానికి నీళ్ళు లేవు! అప్పుడు కాపలాలో ఉన్న హెన్రీ హాల్ వయస్సు 94 ఏళ్ళని చెబుతారు. ఆయన బకెట్టుతో నీళ్ళు పైకి విసురుతుండగా కప్పులోని సీసం కరిగి మీద పడింది. కొంత నోట్లోకి పోయింది. కాపలావాళ్ళు రాతి సందుల్లో తలదాచుకున్నారు. పడవలు వచ్చి వాళ్ళను రక్షించాయి. కరిగిన సీసం కడుపులోకి పోయిందని హాల్ చెబితే ఎవరూ నమ్మలేదు. సీసం కరగాలంటే 327 డిగ్రీల సెంటిగ్రేడ్ వేడి కావాలి మరి! పన్నెండు రోజులకు ఆయన చనిపోయాడు. వైద్యుడు పరీక్షించి చూస్తే కడుపులో సుమారు 200 గ్రాముల సీసపు ముద్ద దొరికింది. ఆ ముద్ద ఇప్పుడు ఎడిన్‌బరో మ్యూజియంలో ఉంది.

మూడోది: చెట్టు నేర్పిన పాఠం

ఈసారి పని జాన్ స్మీటన్ అనే యువకునికి అప్పగించారు. 1724లో పుట్టాడు. శాస్త్ర పరికరాలు తయారు చేసేవాడు. తనను తాను సివిల్ ఇంజనీరు అని చెప్పుకున్న మొదటి వ్యక్తి ఈయనే. స్మీటన్ పాత రెండు గోపురాల లెక్కలూ పరిశీలించి, ఈసారి రాతితోనే కట్టాలని నిశ్చయించాడు.

ఆకారం ఎలా ఉండాలి? ఆయన ఓక్ చెట్టు మొదలును చూడమన్నాడు. మన చింతచెట్టు మొదలైనా అంతే. నేల దగ్గర బాగా వెడల్పు. అక్కడి నుంచి లోపలికి వంగుతూ సన్నబడుతుంది. పెనుగాలికి కొమ్మలు విరుగుతాయి గాని మొదలు కదలదు. కారణం ఏమిటి? అడుగు భాగం బరువైతే గరిమనాభి కిందికి దిగుతుంది. పీఠం వెడల్పైతే బోల్తా కొట్టించడానికి ఎక్కువ బలం కావాలి. స్మీటన్ గోపురం కింది భాగమంతా ఘనంగా, లోపల ఖాళీ లేకుండా ఉంటుంది. గదులన్నీ పై భాగంలోనే.

ఇక రాళ్ళు కదలకుండా పట్టుకోవడం ఎలా? వడ్రంగి సొరుగు పెట్టె మూలలు ఎలా కలుపుతాడో చూశారా? ఒక పలక చివర పావురం తోకలాగా వెడల్పుగా కోస్తాడు. రెండో పలకలో సరిగ్గా అదే ఆకారపు గంటు పెడతాడు. ఒకసారి దిగిందంటే లాగినా ఊడదు. స్మీటన్ గ్రానైటు రాళ్ళను అదే పద్ధతిలో చెక్కించాడు. ప్రతి రాయీ పక్క రాయిని పట్టుకుంటుంది. అడుగు వరస రాళ్ళు సముద్రపు రాతినే పట్టుకుంటాయి. ఒక వరసకూ పై వరసకూ మధ్య చలువరాతి చీలలు దించారు. ఒక్కొక్క వరసనూ ముందు ప్లిమత్ ఒడ్డునే పేర్చి, సరిపోయిందో లేదో చూసుకుని, తరువాతనే పడవ ఎక్కించారు. రాయి మీదికి వెళ్ళాక సరిచేసుకునే తీరిక ఎక్కడిది?

నీళ్ళలో గట్టిపడే సున్నం

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. రాళ్ళ మధ్య దర్జుల్లో ఏం పెట్టాలి? ఆ రోజుల్లో ఉన్నది మామూలు సున్నం. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మిగిలిన దానికి నీళ్ళు పోస్తే బుసబుస పొంగి తడి సున్నం అవుతుంది. గోడకు పూసిన తరువాత అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. అందుకే గట్టిపడుతుంది. అంటే మామూలు సున్నానికి గాలి కావాలి, కాలం కావాలి. ఎడిస్టన్ మీద రెండూ లేవు. పొద్దున పెట్టిన దర్జును సాయంత్రం పోటు వచ్చి కడిగేస్తుంది.

1756లో స్మీటన్ రకరకాల చోట్ల నుంచి సున్నపురాళ్ళు తెప్పించాడు. ఒక్కొక్కదాన్నీ కాల్చి, కలిపి, చిన్న ఉండలు చేసి నీళ్ళలో వేసి చూశాడు. కొన్ని కరిగిపోయాయి. కొన్ని గట్టిపడ్డాయి. గట్టి రాయి నుంచి గట్టి సున్నం వస్తుందని అప్పటిదాకా తాపీ మేస్త్రులు నమ్మేవారు. అది నిజం కాదని తేలింది. మరి తేడా ఎక్కడుంది? ఆయన రాళ్ళను నత్రికామ్లంలో కరిగించాడు. నీళ్ళలో గట్టిపడే సున్నం ఇచ్చిన రాళ్ళన్నీ ఆమ్లంలో పూర్తిగా కరగలేదు. అడుగున మట్టి మిగిలింది. అదేమిటా అని చూస్తే బంకమన్ను!

ఎంత చిత్రమో చూడండి. మురికి అనుకున్నదే బలమన్నమాట. బంకమన్నులో సిలికా, అల్యూమినా ఉంటాయి. కాల్చినప్పుడు అవి సున్నంతో కలుస్తాయి. నీళ్ళు తగిలితే కొత్త పదార్థాలు పుట్టి ఒకదానిలో ఒకటి అల్లుకుని రాయిలా బిగుసుకుంటాయి. దీనికి గాలితో పని లేదు. నీళ్ళే కావాలి. స్మీటన్ వేల్స్ దేశపు ఆబర్థా సున్నాన్ని, ఇటలీ నుంచి వచ్చిన పొజొలానా అనే అగ్నిపర్వతపు బూడిదను సమపాళ్ళలో కలిపి వాడాడు. ఆ బూడిదలో కూడా సిలికా ఉంటుంది. దాన్ని ప్రాచీన రోమనులు కూడా వాడారు.

ఈ రహస్యం మన తాపీ మేస్త్రులకూ మరోవిధంగా తెలుసు. గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపేవారు. దాన్నే సుర్కీ అంటారు. ఇటుక అంటే కాల్చిన బంకమన్నే కదా! తుంగభద్ర ఆనకట్ట రాళ్ళను పట్టి ఉంచింది ఈ సుర్కీ కలిపిన సున్నమే.

స్మీటన్ కనిపెట్టిన సూత్రం నుంచే తరువాతి వారు ముందుకు నడిచారు. 1824లో లీడ్స్ పట్టణపు మేస్త్రి జోసెఫ్ ఆస్ప్‌డిన్ సున్నపురాయిని, బంకమన్నును కలిపి కాల్చి చేసిన పొడికి పోర్ట్‌లాండు సిమెంటు అని పేరు పెట్టి పేటెంటు పొందాడు. ఇవాళ మన ఊళ్ళో సిమెంటు సంచీ మీద కనిపించే పేరు అదే.

1757 జూన్ 12న మొదటి రాయి పెట్టారు. 1759 అక్టోబరు 16న 24 కొవ్వొత్తులతో దీపం వెలిగింది. 1762 జనవరిలో పెద్ద తుఫాను వచ్చింది. ఈ గోపురం నిలవదని మొదటి నుంచీ అంటూ వచ్చిన ఒకాయన, ఈ దెబ్బకు నిలిచిందంటే ప్రళయం దాకా నిలుస్తుంది అన్నాడు. గోపురం నిలిచింది.

24 కొవ్వొత్తులు ఏపాటి వెలుగు? పైగా ఆ వెలుగులో సగానికి సగం ఆకాశంలోకి, కాళ్ళకిందికి వృథాగా పోతుంది. అందుకని 1810లో నూనె దీపాలు పెట్టి, వాటి వెనుక వెలుగును సముద్రం మీదికి మళ్ళించే అద్దాలు అమర్చారు. 1845లో ఫ్రెనెల్ కటకం వచ్చింది. కటకంలో కాంతిని వంచేది దాని ఉపరితలపు వంపే. మధ్యనున్న మందమంతా బరువు చేటు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ ఆ మందాన్ని తీసేసి, వంపులను మాత్రం వలయాలు వలయాలుగా పేర్చాడు. ఎంత పెద్ద కటకమైనా తేలికగా తయారవుతుంది.

రాయి ఓడిపోయింది

నూరేళ్ళకు పైగా స్మీటన్ గోపురానికి ఏమీ కాలేదు. కాని పెద్ద కెరటాలు తగిలినప్పుడు అది ఊగుతున్నదని కాపలావాళ్ళు చెప్పసాగారు. 1877 నాటికి పరీక్షలో తేలిందేమిటంటే, గోపురంలో లోపం లేదు. దానికింద ఉన్న రాయిని కెరటాలు తొలిచివేస్తున్నాయి. కెరటం గోపురాన్ని కొట్టినప్పుడు ఆ దెబ్బ అక్కడితో ఆగదు. గోపురం దాన్ని కిందనున్న రాతికి అందజేస్తుంది. గోపురం ఎంత గట్టిదైతే అంత పూర్తిగా అందజేస్తుంది. ఇల్లు గట్టిగా కడితే చాలదు, పునాది కింది నేలను కూడా చూడాలని దీనివల్ల తెలుస్తుంది.

నాలుగో గోపురం జేమ్స్ డగ్లస్ కట్టాడు. 1879లో మొదలుపెట్టి 1882లో దీపం వెలిగించాడు. సుమారు 40 గజాల అవతల మరో రాయి మీద, 49 మీటర్ల ఎత్తున. స్మీటన్ పద్ధతిలోనే రాళ్ళను ఒకదానికొకటి బిగించాడు. అయితే ఒక మార్పు చేశాడు. స్మీటన్ గోపురపు వంపు వెంట కెరటం జారుడుబల్ల ఎక్కినట్టు దీపం దాకా ఎక్కేది. డగ్లస్ అడుగున పెద్ద తిరగలి రాయి వంటి నిట్టనిలువు పీఠం కట్టి దాని మీద గోపురం లేపాడు. కెరటం ముందు ఆ పీఠానికి తగిలి విరిగిపోతుంది.

స్మీటన్ గోపురాన్ని సముద్రంపాలు చెయ్యడానికి ప్లిమత్ ప్రజలకు మనసొప్పలేదు. చందాలు పోగుచేశారు. పై భాగాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి 'హో' మైదానంలో కొత్త పీఠం మీద మళ్ళీ నిలబెట్టారు. 1884లో అది సందర్శకులకు తెరిచారు. కింది ఘన భాగం మాత్రం ఆ రాయి మీదనే మోడులాగా ఉండిపోయింది. త్వరలో కూలుతుందని భయపడినది ఈనాటికీ డగ్లస్ గోపురం పక్కనే నిలిచి ఉంది!

1982లో ఎడిస్టన్ దీపం తనంత తాను వెలిగే ఏర్పాటు జరిగింది. దాంతో కాపలావాళ్ళు దిగిపోయారు. 1999 నుంచి సూర్యశక్తితో వెలుగుతున్నది. పది సెకండ్లకు రెండుసార్లు మెరుస్తుంది. నావికుడు ఆ మెరుపులు లెక్కపెట్టి ఇది ఎడిస్టనే అని గుర్తుపడతాడు.

దీపం ఎంత దూరం కనిపిస్తుంది?

భూమి గుండ్రంగా ఉంది కనుక ఎంత గొప్ప దీపమైనా కొంత దూరం పోయాక దిగంతం చాటుకు పోతుంది. ఎత్తును మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 3.57తో హెచ్చవేయండి. దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరాన ఉందో వస్తుంది. 49 మీటర్ల గోపురానికి వర్గమూలం 7. దిగంతం సుమారు 25 కిలోమీటర్లు. ఓడ మీద 9 మీటర్ల ఎత్తున నిలబడ్డ నావికుడికి దాదాపు 11 కిలోమీటర్లు. రెండూ కలిపితే అతను సుమారు 36 కిలోమీటర్ల నుంచి ఆ గోపురపు కొనను చూడగలడు. స్మీటన్ గోపురం 22 మీటర్లే కదా, అది ఎంత దూరం కనిపించేదో మీరే లెక్క కట్టండి. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ మీది దీపస్తంభానికి కొండే పీఠం. సముద్రం మధ్య రాయికి ఆ అదృష్టం లేదు. ప్రతి అడుగూ మనుషులు కట్టుకోవలసిందే.

మీరు చేసి చూడండి

స్మీటన్ చేసిన ప్రయోగం మీరూ చెయ్యవచ్చు. కిళ్ళీ కొట్లో దొరికే తడి సున్నం కొద్దిగా తెచ్చుకోండి. సున్నం చేతుల్ని పొక్కిస్తుంది, కళ్ళలో పడితే ప్రమాదం. కనుక పెద్దల ఎదుట, పుల్లతోనే కలపండి. ఒక ఉండ సున్నం, ఇసుక కలిపి చెయ్యండి. రెండో ఉండ సున్నం, మెత్తగా దంచి జల్లించిన ఇటుక పొడి కలిపి చెయ్యండి. రెండింటినీ వారం రోజులు తడిగుడ్డ కప్పి ఉంచండి. తరువాత నీళ్ళ గ్లాసుల్లో విడివిడిగా వేసి, రోజూ పుల్లతో గుచ్చి చూసి, తేదీతో సహా రాసిపెట్టండి. వేరు వేరు బట్టీల ఇటుకలు దంచి చూస్తే ఫలితం ఒక్క తీరుగా రాకపోవచ్చు. ఏ ఇటుక పొడి మంచిదో, ఎందుకు మంచిదో మీరే తేల్చాలి.